లింగస్వామి సార్ గురుపరంపర

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ వెనక సందులో నాకొక ఫ్లెక్సీల దుకాణం ఉంది. నా పేరు చక్రపాణి. పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, కోచింగ్ సెంటర్ల ర్యాంకులు, లీడర్ల నమస్కారాలు అన్నీ నా కంప్యూటర్‌లో పుట్టి కరెంటు స్తంభాలు ఎక్కుతాయి. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని కాబట్టి, మనిషి లోపలికి రాగానే ఆయన గొప్పతనం ఎన్ని అడుగుల పొడవో అంచనా వేయగలను. లింగస్వామి సార్ విషయంలో నా అంచనా తప్పింది. తన గురువుల వరస వేయించాలని ఆయన ఆరడుగుల బోర్డు అడిగాడు. రెండు రోజుల పని అనుకున్నాను. ఏడు నెలలు పట్టింది.

లింగస్వామి సార్ అల్మాస్‌గూడలో ఐకిడో నేర్పుతాడు. అది జపాన్ విద్య. ఇటుకలు పగలగొట్టడం, పెంకులు విరగ్గొట్టడం అందులో ఉండవు. మీదికి వచ్చినవాడి ఊపునే మళ్ళించి వాణ్ణి కింద పడేస్తారు. కాబట్టి నేర్చుకునేవాళ్ళు సగం సమయం ఇంకొకరిని పడేస్తూ, సగం సమయం తాము పడుతూ ఉంటారు. లింగస్వామి సార్ దగ్గర మాత్రం ముప్పాతిక సమయం పడటమే. ఎందుకలా అని పిల్లల తల్లిదండ్రులు ఎప్పుడూ అడగలేదు. జపాన్ సంప్రదాయం అనుకున్నారు. నిజానికి సారూ అలాగే అనుకున్నాడు.

ఆయనది నకిరేకల్ దగ్గర పల్లె. తండ్రి బక్కయ్య తాటిచెట్లు గీసి కల్లు దింపేవాడు. లింగస్వామికి పదకొండేళ్ళప్పుడు ఒక పొద్దున, చెట్టు మీద ఉండగా నడుముకున్న మోకు తెగి బక్కయ్య కింద పడ్డాడు. ప్రాణం దక్కింది గాని నడుము పోయింది. తరవాత పద్నాలుగేళ్ళు మంచంలోనే బతికాడు.

"మా నాయిన పడ్డది రెప్పపాటే చక్రపాణన్నా. లేవనీకే పద్నాలుగేండ్లు సూసిండు. లేవలే," అని సార్ నాతో ఒకసారి అన్నాడు. అంతకంటే ఎక్కువ ఆ విషయం ఎప్పుడూ మాట్లాడలేదు.

పంతొమ్మిదేళ్ళ వయసులో ఆయన బత్తాయి లారీ ఎక్కి కొత్తపేట పండ్ల మార్కెట్‌కు వచ్చాడు. డ్రైవర్ తెలిసినవాడు, పట్నంలో ఏదైనా మంచి పని చూపిస్తానన్నాడు. లారీ దింపే మనుషుల్లో ఒకడు ఆ రోజు రాలేదు. సాయం పట్టమంటే లింగస్వామి పట్టాడు. ఆ సాయం ఇరవై ఆరేళ్ళు సాగింది. మంచి పని సంగతి మళ్ళీ డ్రైవర్ ఎత్తలేదు, ఈయనా అడగలేదు.

మార్కెట్‌లో హమాలీలకు బరువు పెద్ద భయం కాదు. జారడం భయం. కుళ్ళిన పండ్లు, వానకు నానిన గడ్డి, తొక్కలు కలిసి నేల సబ్బులా ఉండేది. నెత్తిన బస్తాతో పడి మోకాలు పోగొట్టుకున్నవాళ్ళు, మళ్ళీ పనికి రానివాళ్ళు లింగస్వామికి పేరుపేరునా తెలుసు.

తొంభై ఎనిమిదిలో, వానాకాలం ఒక పొద్దున, ఒక పెద్దమనిషి సంచి పట్టుకుని పండ్లు కొనడానికి వచ్చాడు. టక్ చేసిన తెల్ల చొక్కా, సన్నటి మనిషి, యాభై దాటిన వయసు. చితికిన బొప్పాయి మీద కాలు వేశాడు. జారాడు. చూస్తున్నవాళ్ళు అయ్యో అనేలోపల ఆయన భుజం మీదుగా గుండ్రంగా ఒక దొర్లు దొర్లి లేచి నిలబడ్డాడు. చేతిలో సంచి చేతిలోనే ఉంది. చొక్కా మాత్రం పాడైంది. దానికి మటుకు ఆయన బాగా విచారించాడు.

లింగస్వామి బస్తా కింద పెట్టి పరిగెత్తాడు.

"సార్, మీరు పడ్డరు గదా?"

"పడ్డాను నాయనా. పడిపోలేదు."

"గదెట్ల సార్?"

"ఆదివారం పొద్దున ఆరింటికి సైదాబాద్ మా ఇంటికి రా, చెబుతాను. ఏమీ తినకుండా రావాలి."

ఆయన పేరు సాంబమూర్తి. తణుకు వైపు నుంచి వచ్చి సైదాబాద్‌లో స్థిరపడ్డాడు. నీటి పంపులు తయారు చేసే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఎనభై మూడులో కంపెనీ ఆయన్ను కొత్త యంత్రం నడపడం నేర్చుకు రమ్మని పదకొండు వారాలు జపాన్ పంపింది. అక్కడ సాయంత్రాలు హాస్టల్లో దిక్కు తోచక తిరుగుతుంటే ఫ్యాక్టరీ వ్యాయామశాలలోంచి దభీ దభీమని చప్పుళ్ళు వినిపించాయట. తొంగి చూశాడు. తెల్లబట్టల్లో ఉన్న ఒక పొట్టి మనిషి, కళ్ళద్దాలాయన, చేయి పట్టి లోపలికి లాగి కింద పడేశాడు. ఆ విధంగా విద్యాభ్యాసం మొదలైంది.

"ఆయన నోరు విప్పి చెప్పిందేమీ లేదు. పడేశారు, లేచాను. మళ్ళీ పడేశారు, మళ్ళీ లేచాను. పది వారాలు అంతే. గొప్ప గురువులు మాట్లాడరు నాయనా," అనేవాడు సాంబమూర్తి గారు.

గొప్ప గురువుకు ఇంగ్లీషు రాదని, ఈయనకు జపనీస్ రాదని కూడా ఆయనే చెప్పేవాడు, కానీ వేరే సందర్భంలో.

ఆదివారం లింగస్వామి ఖాళీ కడుపుతో సైదాబాద్ వెళ్ళాడు. డాబా మీద కొబ్బరి పీచు పరుపులు, వాటి మీద టార్పాలిన్. ఫ్యాక్టరీ మనుషులు నలుగురు. గోడకు ఒక రంగు వెలిసిన ఫొటో. అందులో సాంబమూర్తి గారు, పక్కన ఆ పొట్టి మనిషి. అందరూ మోకాళ్ళ మీద కూర్చుని ఆ ఫొటోకు తల నేలకు ఆనించి "సెన్సే" అన్నారు. లింగస్వామి కూడా అన్నాడు. తరవాత అడిగాడు.

"సార్, తాటిచెట్టు మీదికెల్లి పడితే ఎట్ల పడాలె?"

నలుగురూ నవ్వారు. సాంబమూర్తి గారు నవ్వలేదు.

"దానికి నా దగ్గర పాఠం లేదు నాయనా. నిలబడ్డ ఎత్తు నుంచి పడితే చెప్పగలను. అంతకు మించి నాకు తెలీదు."

"గా మాట కోసమే ఉండిపోయిన," అన్నాడు సార్ నాతో. "అబద్ధం చెప్పొచ్చు గదా. చెప్పలే."

మొదటి ఏడాదంతా పడటమే. రెండో ఏట నాలుగు పట్లు. వాటికి సాంబమూర్తి గారు తెలుగు పేర్లు పెట్టాడు: తలుపు తీయడం, బిందె దింపడం, తువ్వాలు పిండడం, ఉయ్యాల. ఆ నాలుగూ అయ్యాక మళ్ళీ పడటం. నలుగురిలో ముగ్గురు విసుగుపుట్టి మానేశారు, నాలుగో ఆయనకు బదిలీ అయింది. లింగస్వామి మాత్రం ఆదివారం తప్పకుండా వెళ్ళాడు. మార్కెట్‌లో ఎన్నోసార్లు జారాడు. ప్రతిసారీ బస్తా ఒక పక్కకు, తను ఒక పక్కకు దొర్లి లేచేవాడు. బత్తాయిల బస్తా పోయినందుకు వ్యాపారి తిట్టేవాడు. మోకాలు పోనందుకు ఎవరూ మెచ్చుకోలేదు.

రెండువేల తొమ్మిదిలో సాంబమూర్తి గారికి గుండెకు స్టెంటు వేశారు. ఆయన తన నల్ల బెల్టు విప్పి లింగస్వామి నడుముకు కట్టి డాబా అప్పగించాడు. కొన్నాళ్ళకు ఆ బెల్టు పీలికలైపోతే, లింగస్వామి భార్య అరుణజ్యోతి టైలరింగ్ తెలిసిన మనిషి కాబట్టి, పాత జీన్స్ ప్యాంటు నల్లరంగు అద్ది కొత్తది కుట్టింది. పాతదానికంటే గట్టిగా వచ్చింది.

తరవాత సైదాబాద్ ఇల్లు ఫ్లాట్లకు ఇచ్చేశారు. డాబా పోయింది. ఇరవై ఒకటిలో పండ్ల మార్కెట్ కొత్తపేట నుంచి తరలిపోయింది. తోటివాళ్ళు మార్కెట్ వెంట వెళ్ళారు. నలభై అయిదేళ్ళ భుజాన్ని కొత్త చోటికి మోసుకెళ్ళడం లింగస్వామికి ఇష్టం లేకపోయింది. అల్మాస్‌గూడలో కమలాకర్ అని ఒక బిల్డింగ్ ఓనర్ ఉన్నాడు. వాళ్ళది ఆ ఊరి పాత కుటుంబం. ఒకప్పుడు వరి పండిన జాగాలో ఇప్పుడు మూడంతస్తుల కాంప్లెక్స్. రెండో అంతస్తులో హాలు ఖాళీగా ఉంటే, పిల్లలు వస్తే కింది షాపులకు సందడి అని లింగస్వామికి ఇచ్చాడు. హమాలీ లింగస్వామి ఆ రోజు నుంచి లింగస్వామి సార్ అయ్యాడు. పదిహేను మంది పిల్లలు చేరారు.

ఇరవై నాలుగులో ఎల్బీ నగర్‌లో ఒక పెద్ద ఐకిడో అకాడమీ తెరిచారు. కమలాకర్ ప్రారంభోత్సవానికి వెళ్ళి ఆలోచనతో తిరిగి వచ్చాడు.

"మాస్టర్, వాళ్ళు గోడ నిండ గురువుల ఫొటోలు పెట్టిన్రు. పైన మూలపురుషుడు, కింద ఆయన శిష్యుడు, ఆయన కింద ఇంకో శిష్యుడు. జపాన్ నుంచి ఎల్బీ నగర్ దాంక లైను కలిపిన్రు. మనది ఏ లైను?"

"మాది సైదాబాద్ లైను సార్."

"అట్ల గాదు. పేరెంట్స్ అడుగుతున్నరు."

"ఏ పేరెంట్స్?"

"అడుగుతరు," అన్నాడు కమలాకర్.

అందుకే లింగస్వామి సార్, డిగ్రీ చదివే కూతురు జ్యోతికను వెంటబెట్టుకుని నా దుకాణానికి వచ్చాడు. బోర్డుకు పైన ఐకిడో మూలపురుషుడు, కింద ఫొటోలో పొట్టి మనిషి, ఆయన కింద సాంబమూర్తి గారు, అట్టడుగున తను. నేను కంప్యూటర్‌లో నాలుగు గుండ్రాలు గీసి, రెండో గుండ్రం దగ్గర ఆగాను.

"ఈయన పేరేంది సార్?"

"సెన్సే."

"డాడీ, సెన్సే అంటే పేరు కాదు. సార్ అని అర్థం," అంది జ్యోతిక.

"ఇన్నేండ్ల సంది దండం పెడుతున్న," అన్నాడు లింగస్వామి సార్. "పేరు అడగాలన్న సోయే లేకపాయె."

ముగ్గురం సైదాబాద్ వెళ్ళాం. సాంబమూర్తి గారికి ఎనభై ఏళ్ళు. మూడో అంతస్తు ఫ్లాట్‌లో బాల్కనీ పక్కన కుర్చీలో ఉన్నాడు. మాట, చూపు స్పష్టంగా ఉన్నాయి. జ్యోతిక అడిగింది.

"తాతా, మీ సెన్సే పేరేంది?"

ఆయన గోడమీది ఫొటో వైపు చూశాడు.

"గురువుగారి పేరు అడగడం మా రోజుల్లో మర్యాద కాదమ్మా," అన్నాడు. ఆ మాట ఆయనకే నచ్చినట్టు లేదు. "అసలు ఎలా అడగాలో తెలీలేదు. పదో వారానికి అడగడానికి సిగ్గేసింది."

ఫొటో ఫ్రేమ్‌లోంచి తీశాం. వెనక జపనీస్‌లో రెండు వరసల రాత ఉంది. నలభై ఏళ్ళుగా అది గోడ వైపు తిరిగి ఉండిపోయింది. జ్యోతిక ఫోన్ పెట్టి చదివించింది. "రెండో ఫ్యాక్టరీ వ్యాయామశాల. భద్రతా వారోత్సవాల జ్ఞాపకార్థం," అని వచ్చింది.

"భద్రతా వారోత్సవాలా?" అన్నాడు సాంబమూర్తి గారు. "నాకు దీక్ష ఇస్తున్నారనుకున్నాను."

ఆ జపాన్ కంపెనీ ఇంకా ఉంది. జ్యోతిక వాళ్ళకు ఫొటో జతచేసి మెయిల్ రాసింది. రెండు నెలలు జవాబు లేదు. కమలాకర్ వారానికోసారి నాకు ఫోన్ చేసి బోర్డు ఏదని అడిగేవాడు. నా దగ్గర ఉదయించే సూర్యుడు, పూలకొమ్మ, మంచుకొండ ఉన్న డిజైన్ తయారుగా ఉంది. ఒక పేరు తప్ప అన్నీ ఉన్నాయి. నిజం చెప్పాలంటే, నన్ను పెట్టమంటే నేనే ఏదో ఒక పేరు పెట్టేసేవాణ్ణి. అంతకంటే పెద్ద అబద్ధాలు కొత్తపేట చౌరస్తాలో వేలాడదీశాను.

మూడో నెలలో జవాబు వచ్చింది. కంపెనీ వాళ్ళు పాత ఉద్యోగుల సంఘంలో విచారించి ఆయన్ను పట్టుకున్నారు. పేరు ఒగిసో. ఎనభై ఎనిమిదేళ్ళు, బతికే ఉన్నాడు. ఆయన చేత్తో రాసిన ఉత్తరం, దానికి ఇంగ్లీషు అనువాదం పంపారు. జ్యోతిక నా దుకాణంలో కూర్చుని తెలుగులో చెప్పింది.

"నేను ఆ ఫ్యాక్టరీ భద్రతా విభాగంలో గుమాస్తాను. ఐకిడో నేర్పే గురువుగారు వేరు. ఆ ఏడాది ఆయన సైకిల్ మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నారు. ఆయన వచ్చేదాకా తరగతి ఆగకూడదని నన్ను నిలబెట్టారు. నేను ఆ తరగతిలో చేరి అప్పటికి ఎనిమిది నెలలు. నాకు కాస్త వచ్చింది పడటం ఒక్కటే, అందుకని అదే చెప్పాను. మూర్తి గారు ఇండియా వెళ్ళిపోయిన తరవాతి సోమవారం గురువుగారు తిరిగి వచ్చారు. రెండేళ్ళకు నేను కూడా మానేసి చేపలు పట్టడం మొదలుపెట్టాను. మూర్తి గారు నా పాఠాన్ని ఇన్నేళ్ళు నిలబెట్టారని తెలిసి సంతోషం కంటే సిగ్గు ఎక్కువ కలిగింది. బోర్డు పెట్టాక దాని ఫొటో ఒకటి పంపండి. ఇంకొక మాట. నేను ఎడమచేతివాటం మనిషిని. కుడిపక్కకు పడటం నాకెప్పుడూ సరిగా రాలేదు. దాన్ని ఆ తరవాత ఎవరైనా సరిదిద్దే ఉంటారని ఆశిస్తాను."

ఎవరూ సరిదిద్దలేదు. లింగస్వామి సార్ కూర్చున్నచోటే కుడి భుజం తడుముకున్నాడు.

"ముసలాయనకు చెప్పొద్దు డాడీ. గుండెజబ్బు మనిషి," అంది జ్యోతిక.

"చెప్పాలె. ఆయన గురువు రాసిన ఉత్తరం, మనకేం హక్కున్నది దాచనీకి?"

మళ్ళీ సైదాబాద్ వెళ్ళాం. సాంబమూర్తి గారు ఉత్తరాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు. రెండోసారి అయ్యాక కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"అయితే నేను గుమాస్తా దగ్గర నేర్చుకున్నానన్నమాట."

ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు.

"ఇంకో సంగతి కూడా వినేయండి. ఆ నాలుగు పట్లూ జపాన్‌వి కావు. కోఠీ ఫుట్‌పాత్ మీద దొరికిన పుస్తకంలోవి. బొమ్మలు చూసి నేర్చుకున్నాను. నాలుగో బొమ్మ తరవాత పేజీలు లేవు. లేకపోతే అయిదోది కూడా చెప్పేవాణ్ణి." ఆయన లింగస్వామి వైపు తిరిగాడు. "ఇక నుంచి నాకు దండం పెట్టకు నాయనా. ఇరవై ఆరేళ్ళు నిన్ను సగం చదువుతో తిప్పాను."

"సార్, నేను మీ తాన్కి వొచ్చిందే పడుడు నేర్వనీకి. మీరు గదే నేర్పిన్రు. ఆయనకు ఏది వొస్తే గది ఆయన చెప్పిండు, మీకు ఏది వొస్తే గది మీరు చెప్పిన్రు. ఇందుల మోసమేడున్నది?"

"మరి ఆ నాలుగు పట్లు?"

"అవి ఎవ్వరికీ సక్కగ రావు సార్. నేను చేస్తుంటే పిల్లలు నవ్వుతరు."

సాంబమూర్తి గారు తెల్లబోయి చూశాడు. తరవాత నవ్వడం మొదలుపెట్టాడు. ఎంతకీ ఆపకపోతే లోపలినుంచి ఆయన భార్య మంచినీళ్ళు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

కమలాకర్ నవ్వలేదు. కాంప్లెక్స్ మెట్ల దగ్గర ఉత్తరం సంగతి విని నెత్తి పట్టుకున్నాడు.

"సేఫ్టీ క్లర్కా? ఎల్బీ నగర్ల గ్రాండ్ మాస్టర్లను పెట్టుకుంటే, మనం క్లర్కును పెట్టుకుందుమా? గ్రాండ్ మాస్టర్ ఒగిసో అని ఎయ్యి మాస్టర్. ఎవడొచ్చి చూస్తడు?"

"ఆయన బతికున్నడు సార్. బోర్డు ఫొటో పంపియ్యమని రాసిండు."

"ఐతే హాలు ఖాళీ చెయ్యి. ట్యూషన్ సెంటరోళ్ళు అడుగుతున్నరు. నీకేమో పడుడు తప్ప ఏం రాదు, దానికి మళ్ళ సత్యహరిశ్చంద్రుని లెక్క మాట్లాడుతవ్."

పై అంతస్తు నుంచి కమలాకర్ తల్లి కిష్టమ్మ దిగి వస్తూ ఈ మాటలు విన్నది. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. ఇప్పుడు కాంప్లెక్స్ ఉన్న జాగాలోనే ఒకప్పుడు నాట్లు వేసింది. వారం కింద ఆమె స్నేహితురాలు అండాలమ్మ బాత్రూములో జారి తుంటి విరిగి దవాఖానలో ఉంది. కిష్టమ్మ రోజూ చూసి వస్తోంది, రోజూ భయపడి వస్తోంది.

"ఏందిరా లొల్లి?"

"ఏం లేదమ్మా. ఈయనకు పడుడు తప్ప ఏం రాదంట."

కిష్టమ్మ మెట్టు మీదే ఆగింది. "పడుడు నేర్పుతవా బిడ్డా? ఇరగకుంట పడుడు?"

"నేర్పుత పెద్దమ్మా. నిలవడ్డ ఎత్తు కెల్లి అయితే."

"నేనేమన్న చెట్లెక్కుతున్ననా? రేపు పొద్దుగాల వొస్త."

మర్నాడు ఆమె ఇంకో నలుగురు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చింది. లింగస్వామి సార్ వాళ్ళను నిలబెట్టలేదు. పరుపు మీద కూర్చోబెట్టి, గడ్డం ఛాతీకి ఆనించి, వెనక్కి ఒరిగి అరచేత్తో నేల చరచమన్నాడు. మొదటిరోజు ఎవరూ ఒరగలేదు. ఒకరిని చూసి ఒకరు నవ్వడంతోనే గంట అయిపోయింది. రెండోరోజు కిష్టమ్మ చీర గోచి పోసుకుని ఒరిగింది. మూడు నెలలకు పొద్దుటి తరగతిలో ఇరవై ముగ్గురు ఆడవాళ్ళు అయ్యారు. పిల్లల సాయంత్రం తరగతి కంటే అదే పెద్దది.

కమలాకర్ ఖాళీ చేయమన్న మాట మళ్ళీ ఎత్తలేదు. దానికి తోడు తను తిట్టిన మాటే ఆయనకు పనికొచ్చింది. నా దగ్గరికి తనే వచ్చి, రెండో గుండ్రంలో "ఒగిసో, సేఫ్టీ డిపార్ట్‌మెంట్, జపాన్" అని వేయమన్నాడు. "గవర్నమెంటోళ్ళు అనుకుంటరు," అన్నాడు. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు కాబట్టి లింగస్వామి సార్ ఒప్పుకున్నాడు. మూలపురుషుణ్ణి మాత్రం తీసేయించాడు. మధ్యలో కాలు విరిగినాయన్ను తాము ఎప్పుడూ చూడలేదు, అంత పైకి లైను కలపడం సరికాదన్నాడు. అలా బోర్డు మీద మూడు గుండ్రాలే నిండాయి. నాలుగోది ఖాళీగా ఉందని కమలాకర్ తన ఫొటో ఇచ్చాడు. అందరికంటే పెద్దగా వచ్చింది.

బోర్డు పెట్టాక కొత్తగా వచ్చిన తల్లిదండ్రులెవరూ దాన్ని చదవడం నేను చూడలేదు. బండి ఎక్కడ పెట్టాలి, లిఫ్టు పనిచేస్తుందా అని అడుగుతారు.

ఆ తరవాత వైశాఖంలో ఒక పెళ్ళిలో కిష్టమ్మ చేతులు కడుక్కునే చోట జారింది. ఎడమపక్కకు ఒరిగి, నేల చరిచి, లేచి కూర్చుంది. మరీ గట్టిగా చరచడంతో మణికట్టు వాచింది. తుంటికి ఏమీ కాలేదు. ఆమె కట్టు కట్టిన చేత్తో అల్మాస్‌గూడలో ఇల్లిల్లూ తిరిగి, ఎలా పడిందో పడి చూపించింది. అందరూ లింగస్వామి సార్‌ను పొగిడారు. ఆయన మాత్రం రెండు రోజులు సరిగ్గా తిండి తినలేదు.

"ఎడమకు పడ్డది గాబట్టి సరిపాయె చక్రపాణన్నా," అన్నాడు నాతో. "కుడికి పడితే? నేను తప్పు నేర్పుతున్న. నాకు తెల్సి నేర్పుతున్న. తెల్వక నేర్పినోళ్ళది తప్పు గాదు, నాది తప్పు."

మర్నాడు సాయంత్రం ఆయన ఎల్బీ నగర్ అకాడమీకి వెళ్ళాడు. అక్కడ నేర్పే అమ్మాయి పేరు సౌజన్య. ఇరవై ఎనిమిదేళ్ళు ఉంటాయి. పిల్లల్ని చేర్చడానికి వచ్చాడనుకుని ఫారం ఇచ్చింది.

"బాబుకా పాపకా అంకుల్?"

"నాకేనమ్మా. కుడిదిక్కు పడుడు నేర్పాలె."

ఆమె ఒకసారి పడి చూపించమంది. ఆయన ఎడమకు పడ్డాడు. హాల్లో అందరూ ఆగి చూశారట. చప్పుడు కూడా కాలేదు. కుడికి పడ్డాడు. గోనె బస్తా లారీ మీద నుంచి విసిరినట్టు పడ్డాడు.

"ఎన్నాళ్ళుగా చేస్తున్నారు?"

"ఇరవై ఏడేండ్లు."

"ఏ బెల్టు?"

"మా ఆమె కుట్టింది," అన్నాడు లింగస్వామి సార్.

సౌజన్య నవ్వు ఆపుకుని తెల్ల బెల్టు తెచ్చి ఇచ్చింది. వరసలో అందరికంటే చివర, ఎనిమిదేళ్ళ పిల్లల పక్కన నిలబెట్టింది. కుడిపక్క పడటం సరిగా రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఇరవై ఏడేళ్ళ అలవాటు వదిలించడానికే అందులో మూడు నెలలు పోయాయి. అది వచ్చిన రోజు ఆయన నేరుగా సైదాబాద్ వెళ్ళి సాంబమూర్తి గారికి చెప్పాడు. ముసలాయన కుర్చీలోంచి లేచి, "ఏదీ, చూపించు," అన్నాడు. హాల్లో సోఫా జరిపి చూపించాడట. సాంబమూర్తి గారు మూడుసార్లు పడమని, మూడోసారి తల ఊపి, "భుజం కాస్త ముందుకు తిప్పాలన్నమాట. ఒగిసో గారికి రాయాలి," అన్నాడట. రాశారు కూడా.

పొద్దుటి తరగతి అమ్మలకు కుడిపక్క మళ్ళీ మొదటినుంచి నేర్పాల్సి వచ్చింది. లింగస్వామి సార్ మొదటిరోజే అందరినీ కూర్చోబెట్టి, ఇన్నాళ్ళూ నేను తప్పు చెప్పానని చెప్పాడు. ఇద్దరు మానేశారు. కిష్టమ్మ మాత్రం, "మా సారు ఇంకా సదువుకుంటున్నడు," అని గొప్పగా చెప్పుకుంటోంది.

ఎల్బీ నగర్‌లో మొదటి మెట్టు పరీక్ష గత నెల జరిగింది. లింగస్వామి సార్ ఫెయిలయ్యాడు. పడటంలో తప్పు లేదు. సౌజన్య ఒక పట్టును జపనీస్ పేరుతో "షిహోనగే" అని పిలిచింది. ఆయన అలాగే నిలబడ్డాడు. ఆమె "తలుపు తీయడం" అని పిలిచి ఉంటే చేసేవాడు. ఎనిమిదేళ్ళ పిల్లలు ఆరుగురూ పాసయ్యారు. ఆయన వాళ్ళకు చప్పట్లు కొట్టి, బస్సెక్కి ఇంటికి వచ్చాడు.

మళ్ళీ పరీక్ష సంక్రాంతి తరవాత. జపనీస్ పేర్లన్నీ తెలుగు అక్షరాల్లో పెద్దగా వేసి ఇవ్వమని నన్ను అడిగాడు. సూర్యుడూ పూలకొమ్మా లేకుండా వేసి ఇచ్చాను. మొత్తం ముప్పై రెండు. వంటింట్లో గ్యాస్ పొయ్యి పక్కన గోడకు అంటించుకున్నారు. అరుణజ్యోతి పొద్దునపూట ఉప్మా కలుపుతూ ఒకటొకటి పిలుస్తుంది, ఆయన చేతులు తిప్పి చూపిస్తాడు. ఆమెకు ముప్పై రెండూ వచ్చేశాయి. సార్ పంతొమ్మిదో దాని దగ్గర ఉన్నాడు.